"తనకోసం ఏమీ అడగలేదు" అంటే సరిపోతుందా?

పోయిన నెల ఒక పదవీ విరమణ సభకు వెళ్లాను. ఒక పెద్దాయన దగ్గర పాతికేళ్లు కుడిభుజంలా పనిచేసిన ఆఫీసరుకు సన్మానం. మాట్లాడినవాళ్లందరిదీ ఒకటే మాట, "సారు తనకోసం ఎప్పుడూ ఏమీ అడగలేదు" అని. చివర్లో ఒకాయన అమెరికా అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ కథ చెప్పాడు. 1941 జనవరిలో, ఎన్నికల్లో తన మీద పోటీచేసి ఓడిపోయిన విల్కీ వచ్చి, "జనం నమ్మని ఆ హాప్కిన్స్‌ని ఎందుకు దగ్గర ఉంచుకున్నారు?" అని అడిగితే రూజ్‌వెల్ట్ చెప్పిన జవాబు అది. ఏదో ఒకరోజు ఈ కుర్చీలో మీరు కూర్చోవచ్చు, అప్పుడు ఆ తలుపు తీసుకుని వచ్చే దాదాపు ప్రతివాడూ ఏదో ఒకటి అడగడానికే వస్తున్నాడని తెలుస్తుంది, ఇదెంత ఒంటరి ఉద్యోగమో అర్థమవుతుంది, మీకు పనిచేసి పెట్టడం తప్ప ఇంకేమీ అడగని హాప్కిన్స్ లాంటి మనిషి ఎందుకు కావాలో అప్పుడు తెలుస్తుంది అని. హాలంతా చప్పట్లు. నేనూ కొట్టాను.

ఇంటికొచ్చాక మాత్రం ఆ మాట గొంతులో ముల్లులా ఉండిపోయింది. రూజ్‌వెల్ట్‌కు కుడిభుజంలా ఉన్న హ్యారీ హాప్కిన్స్ అంటే నాకు ఏళ్ల తరబడి ఇష్టం. ఆయన గురించి దొరికిందల్లా చదివాను. కానీ ఆయన్ని మెచ్చుకోవడానికి అందరూ ఎత్తుకునే ఈ మాట ఆయనకు నప్పదనీ, అసలు అధికారంలో ఉన్నవాళ్ల పక్కన ఉండే ఏ మనిషినైనా తూచడానికి ఇది పనికిరాదనీ అనిపిస్తోంది. తనకోసం ఏమీ అడగకుండానే పక్కనున్నవాణ్ణి నాశనం చేసినవాళ్లు చరిత్రలో బోలెడంతమంది ఉన్నారు.

అవ్వ వెళ్లిన కరువు పని

నాకు హాప్కిన్స్ పరిచయమైంది రెండో ప్రపంచ యుద్ధం వల్ల కాదు, కరువు పని వల్ల. మాది అనంతపురం జిల్లా. ఉపాధి హామీ పథకాన్ని 2006 ఫిబ్రవరి 2న అప్పటి ప్రధాని మన్మోహన్ సింగ్ మా జిల్లాలోనే, నార్పల మండలం బండ్లపల్లిలో మొదలుపెట్టారు. కాగితాల మీద పేరు ఏదైనా మావైపు అందరూ దాన్ని కరువు పని అనే అంటారు. మా అవ్వ వెళ్లేది. అప్పుడు నేను ఇంటర్ చదువుతున్నాను, సెలవుల్లో వెళ్లి మేటుకు పేర్లు రాసిపెట్టేవాణ్ణి. ఒకరోజు గట్టుమీద నిలబడి ఒక రైతు, "గుంతలు తవ్వేది, మళ్లా పూడ్చేది, దీనికి గవర్నమెంటు లెక్క" అన్నాడు. లెక్క అంటే మావైపు డబ్బు. అవ్వ గడ్డపార పక్కన పెట్టి, "ఈ రెండు నెలల్లో నీ చేన్లోకి ఒక్కదినమన్నా కూలికి పిలిచినావా నాయనా? ఊరికే పెడతామంటే మేం రాము. పని చేసినాం, లెక్క తీసుకుంటాం" అంది. ఆయన ఇంకేం మాట్లాడకుండా వెళ్లిపోయాడు.

కొన్నేళ్ల తర్వాత 1930ల మహామాంద్యం నాటి అమెరికా గురించి చదువుతుంటే ఆ గట్టుమీది మాటే మళ్లీ వినపడింది. పారలమీద ఆనుకుని నిలబడే సోమరులు, పనికిమాలిన పనులు, జనం సొమ్ము నీళ్లపాలు. ఆ తిట్లన్నీ తిన్న మనిషి హాప్కిన్స్. ఆయన చెప్పిన జవాబు కూడా మా అవ్వ జవాబే. ఊరికే ఇచ్చే సాయం మనిషి ప్రాణం నిలబెడుతుంది కానీ మనసును చంపేస్తుంది, పనికి కూలి ఇస్తే రెండూ నిలబడతాయి అని ఆయన ఎప్పుడూ వాదించేవాడు.

ఆ నమ్మకం ఆయనకు వాషింగ్టన్‌లో పుట్టింది కాదు. 1890లో అయోవాలో పుట్టి, గ్రిన్నెల్ కాలేజీలో చదివి, 1912లో న్యూయార్క్ వచ్చి దిగువ తూర్పు వాడల్లో, కిక్కిరిసిన వలసకూలీల ఇళ్ల మధ్య సేవాకేంద్రంలో పనికి కుదిరాడు. ఆ తర్వాత రెడ్‌క్రాస్, క్షయవ్యాధి సంఘం. మొత్తం మీద దాదాపు ఇరవై ఏళ్లు సేవాసంస్థల్లోనే గడిచాయి. మొదట్లో ఇంటింటి మెట్లెక్కి, తలుపు తట్టి, మీ ఇంట్లో ఎంతమంది, ఎవరికి పని ఉంది, ఇవాళ పొయ్యి వెలిగిందా అని అడగడమే ఉద్యోగం. రూజ్‌వెల్ట్ న్యూయార్క్ గవర్నరుగా ఉన్నప్పుడు 1931లో మొదలైన సహాయ సంస్థలోకి ఆయన వచ్చింది ఈ అనుభవంతోనే.

1933 మేలో కేంద్ర సహాయ నిధి బాధ్యత తీసుకున్నాక, గది కూడా సిద్ధం కాకముందే వరండాలో బల్ల వేసుకుని కూర్చుని, మొదటి రెండు గంటల్లో 50 లక్షల డాలర్లకు పైగా రాష్ట్రాలకు పంపేశాడు. కాస్త ఆగితే దీర్ఘకాలంలో ఆర్థిక వ్యవస్థ దానంతట అదే సర్దుకుంటుందని ఎవరో అంటే, జనం దీర్ఘకాలంలో తినరు, రోజూ తింటారు అన్నాడు. ఈ ఒక్క మాట కోసం ఆయన్ని ఎంతైనా క్షమించవచ్చని ఒకప్పుడు అనుకునేవాణ్ణి. ఇప్పుడు అంత తేలిగ్గా అనలేను, ఎందుకో కింద రాస్తాను.

ఆ చలికాలం ఇంకా గడ్డుగా ఉంటుందని తెలిసి, నవంబరులో మొదలుపెట్టి జనవరి కల్లా 40 లక్షలమందికి పైగా పని చూపించాడు. రెండున్నర నెలలు కూడా పట్టలేదు. మన దగ్గర ఒక జాబ్‌కార్డులో పేరు సరిచేయించుకోవడానికి ఎన్ని వారాలు తిరగాలో తెలిసినవాడిగా ఆ అంకె చూస్తే నాకు ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది. 1935లో వచ్చిన డబ్ల్యూపీఏ, అంటే నిరుద్యోగులకు పని చూపించడానికి ఆయన నడిపిన కేంద్ర సంస్థ, సంగతి చాలామందికి తెలిసిందే. ఎనిమిదేళ్లలో 85 లక్షలమంది అందులో పనిచేశారు, 6 లక్షల 50 వేల మైళ్ల రోడ్లు వేశారు, బడులు, ఆసుపత్రులు, వంతెనలు కట్టారు. నాకు వాటికంటే కెంటకీ కొండల్లో గుర్రాల మీద పుస్తకాలు మోసుకెళ్లిన ఆడవాళ్లు ఎక్కువ గుర్తుంటారు. ఒకప్పుడు బానిసలుగా బతికిన రెండు వేలమందికి పైగా ముసలివాళ్ల దగ్గర కూర్చుని వాళ్ల నోటి మాటను రాసుకున్న నిరుద్యోగ రచయితలు గుర్తుంటారు. బొమ్మలేసేవాళ్లకీ నాటకాలాడేవాళ్లకీ కూలి ఎందుకని అడిగితే, వాళ్లకీ ఆకలేస్తుంది కదా అన్నాడట హాప్కిన్స్.

ఆయన అడిగాడు

ఏమీ అడగని మనిషి అన్న మాట దగ్గరికొస్తాను. నిజానికి హాప్కిన్స్‌కు ఆశ ఉండేది. చిన్నది కూడా కాదు. 1938లో, రూజ్‌వెల్ట్ మూడోసారి నిలబడడనుకున్న రోజుల్లో, తర్వాతి అధ్యక్షుడు తానే కావాలనుకున్నాడు. రూజ్‌వెల్టే ఆ ఆశకు నీళ్లు పోశాడు. వ్యాపారుల్లో మంచిపేరు రావాలని ఆ డిసెంబరులో వాణిజ్య మంత్రిని చేశాడు.

కానీ అప్పటికే ఒళ్లు మోసం చేసింది. 1937 అక్టోబరులో భార్య బార్బరా క్యాన్సరుతో చనిపోయింది, కూతురు డయానాకు అప్పటికి ఇంకా అయిదేళ్లు నిండలేదు. రెండు నెలలు తిరక్కుండానే ఆయనకే కడుపులో క్యాన్సరని తేలి, మేయో క్లినిక్‌లో కడుపు చాలాభాగం తీసేశారు. క్యాన్సరు తిరగబెట్టలేదు కానీ తిన్నది ఒంటికి పట్టేది కాదు. 1939లో ఇక కొన్ని వారాలే అన్నారు డాక్టర్లు. నౌకాదళ వైద్యుల చికిత్సతో గట్టెక్కాడు.

1940 మే 10న, హిట్లర్ సైన్యం హాలండ్, బెల్జియంల మీద పడ్డ రోజు, వైట్‌హౌస్‌లో భోజనానికి వెళ్లాడు. ఒంట్లో బాగాలేకపోతే ఈ రాత్రికి ఇక్కడే పడుకోమన్నాడు రూజ్‌వెల్ట్. ఆ రాత్రి మూడున్నరేళ్లు సాగింది. ఒకప్పుడు లింకన్ పనిచేసుకున్న గదిలో, మంచం మీద కాగితాలు పరుచుకుని, ఆయన యుద్ధానికి సంబంధించిన పనులు చక్కబెట్టాడు. సెప్టెంబరులో మంత్రి పదవి కూడా వదిలేశాడు.

అంటే విల్కీకి రూజ్‌వెల్ట్ చెప్పిన ఆ "ఏమీ అడగని" హాప్కిన్స్, అడిగే దారి మూసుకుపోయాక మిగిలిన హాప్కిన్స్. దీన్ని ఆయన్ని తక్కువ చేయడానికి చెప్పడంలేదు. చావు అంచుదాకా వెళ్లొచ్చిన మనిషి తన మిగిలిన బలాన్నంతా ఇంకొకరి పనికి ఇచ్చేయడం చిన్న విషయం కాదు. కాకపోతే దాన్ని గుణం అనుకుని, అలాంటివాళ్ల కోసం వెతుక్కోవడం, ప్రభుత్వాలు వాళ్లమీద నడుస్తాయనుకోవడం పొరపాటు. ఆయన ఎందుకు పనికొచ్చాడో చూడాలంటే ఆయన అడిగిన ప్రశ్నను చూడాలి.

1941 జనవరిలో రూజ్‌వెల్ట్ ఆయన్ని లండన్ పంపాడు. బాంబులు పడుతున్నాయి, అక్కడ అమెరికా రాయబారి కూడా లేడు. హాప్కిన్స్ అనే పేరు విని బ్రిటన్ ప్రధాని చర్చిల్ ముందు "ఎవరు?" అన్నాడంటారు. ఈ మనిషి పేదలకోసం పనిచేసినవాడని ఎవరో చెబితే, ఒక రాత్రి భోజనాల దగ్గర గుడిసెల్లో బతికే మామూలు మనుషుల స్వేచ్ఛ గురించి చర్చిల్ పెద్ద ఉపన్యాసమే ఇచ్చాడట. మా అధ్యక్షుడికి ఇవన్నీ అక్కర్లేదు, ఆ హిట్లర్‌ని ఓడించడమే మాకు కావాలి అని హాప్కిన్స్ మొహం మీదే అన్నాడని అక్కడున్నవాళ్లు తర్వాత రాసుకున్నారు. ఆ తర్వాత చలికి ఓవర్‌కోటు విప్పకుండా ఊరూరా తిరిగి, విమానాలెన్ని కావాలి, ఓడలెన్ని, ఎప్పటికి అని అడిగాడు. చర్చిల్ ఆయనకు పెట్టిన బిరుదు "లార్డ్ రూట్ ఆఫ్ ద మ్యాటర్". మన మాటల్లో చెప్పాలంటే, డొంకతిరుగుడు లేకుండా నేరుగా అసలు సంగతికి వచ్చే దొర. గ్లాస్గోలో ఒక విందులో ఆయన లేచి బైబిల్లో రూతు తన అత్తతో అన్న మాటలు చెప్పాడు, నువ్వెక్కడికి వెళితే నేనూ అక్కడికే వస్తానని, చివరిదాకా అని తనే ఒక ముక్క కలిపాడు. చర్చిల్ కళ్లనీళ్లు పెట్టుకున్నాడు.

జూలైలో మాస్కో. హిట్లర్ దాడిచేసి అయిదు వారాలు, రష్యా కొద్దివారాల్లో కూలిపోతుందని సైనిక నిపుణులు లెక్కలు కడుతున్నారు. స్కాట్లండ్ నుంచి ఆర్ఖాంగెల్స్క్‌కు ఇరవై గంటలకు పైగా చలి విమానంలో ప్రయాణం, ఆ ఒంటితో. స్టాలిన్‌ని అడిగింది అదే ప్రశ్న, ఇప్పటికిప్పుడు ఏం కావాలి, సుదీర్ఘ యుద్ధమైతే ఏం కావాలి? విమాన విధ్వంసక తుపాకులు, మెషీన్‌గన్లు, రైఫిళ్లతో పాటు స్టాలిన్ అల్యూమినియం కూడా అడిగాడు. రేపో మాపో ఓడిపోతాననుకునేవాడు విమానాలు తయారుచేసుకోవడానికి అల్యూమినియం అడగడని హాప్కిన్స్‌కు అర్థమైంది. వీళ్లు నిలబడతారు అని కబురుపెట్టాడు. ఈ ఒక్క చోటే నాకు ఆయన జీవితమంతా కనిపిస్తుంది. ఇరవై ఏళ్లు పేదల అవసరాల మధ్యే గడిపినవాడికి, అడిగేదాన్నిబట్టి అడిగేవాడి మనసు చదవడం వచ్చు. తిరుగు ప్రయాణంలో మందుల సంచి మాస్కోలోనే మరిచిపోయాడు, చచ్చి బతికినంత పనైంది.

ఏప్రిల్ 1942

ఇక్కడిదాకా రాసి ఆపేయవచ్చు. చాలామంది ఆపేస్తారు. మనం ఆపలేం, ఎందుకంటే ఈ కథలో మనం కూడా ఉన్నాం.

1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖపట్నం మీద, కాకినాడ మీద బాంబులేశాయి. ఢిల్లీలో బ్రిటిష్ ప్రభుత్వం రాయబారానికి పంపిన మంత్రి క్రిప్స్ కాంగ్రెస్ నాయకులతో మాట్లాడుతున్నాడు. రక్షణ బాధ్యత ఎవరి చేతిలో ఉండాలన్న దగ్గర మాటలు ఆగిపోయాయి. రూజ్‌వెల్ట్ తన ప్రతినిధిగా ఢిల్లీకి పంపిన లూయీ జాన్సన్ మధ్యలోకి దిగి, నెహ్రూతో, క్రిప్స్‌తో కలిసి ఒక రాజీ సూత్రం తయారుచేశాడు. అది వైస్రాయికి నచ్చలేదు. సరిగ్గా ఆ రోజుల్లో హాప్కిన్స్, అమెరికా సైన్యాధిపతి జనరల్ మార్షల్‌తో కలిసి లండన్‌లో ఉన్నాడు, ఫ్రాన్స్ మీద దాడికి ఇంగ్లండును ఒప్పించే పనిమీద. 9వ తేదీన చర్చిల్ ఆయన్ని ఇండియా గురించి అడిగాడు. జాన్సన్ అధ్యక్షుడి తరఫున మధ్యవర్తిత్వం చేయడంలేదని హాప్కిన్స్ చెప్పాడు. చర్చిల్ వెంటనే ఆ మాటను ఢిల్లీకి తంతి కొట్టించాడు. జాన్సన్ కాళ్ల కింద నేల జారిపోయింది, రాజీ సూత్రమూ పోయింది.

మూడు రోజుల తర్వాత, తెల్లవారుజామున, క్రిప్స్‌ను ఆపి ఇంకో ప్రయత్నం చేయమని రూజ్‌వెల్ట్ పంపిన సందేశం చర్చిల్‌కు చేరింది. హాప్కిన్స్ పక్కనే ఉన్నాడు. చర్చిల్ తిట్లదండకం రెండు గంటలు నడిచిందని ఆయనే తర్వాత చెప్పాడు. అప్పటికే అంతా అయిపోయింది.

హాప్కిన్స్ ఇంకోలా చెప్పినా చర్చిల్ స్వాతంత్ర్యం ఇచ్చేవాడు కాదు, అది నాకూ తెలుసు. యుద్ధంలో మిత్రుణ్ణి నొప్పించకూడదన్నది ఆయన లెక్క, ఆ లెక్కలో తప్పు పట్టడం కూడా కష్టమే. కానీ నాకు బాధ కలిగించేది ఇది. వరండాలో బల్ల వేసుకుని ఎవరికి ఏం కావాలని అడిగిన మనిషి, చర్చిల్‌ని అడిగిన మనిషి, స్టాలిన్‌ని అడిగిన మనిషి, ఆ వారం నలభై కోట్లమంది గురించి ఆ ప్రశ్న వేయలేదు. బాస్ అప్పజెప్పిన పనిలో మనం లేం. తనకోసం ఆ రోజు కూడా ఆయన ఏమీ అడగలేదు. అంతకుముందు రెండేళ్లలో ఎంత నిస్వార్థంగా ఉన్నాడో ఆ రోజూ అంతే నిస్వార్థంగా ఉన్నాడు. అందుకే ఆ పొగడ్త నాకు సరిపోవడంలేదు.

రూజ్‌వెల్ట్ భార్య ఎలినార్ హాప్కిన్స్‌కు ముందునుంచీ స్నేహితురాలు, తల్లిలేని డయానాను వైట్‌హౌస్‌లో కనిపెట్టుకుని ఉన్నది కూడా ఆవిడే. యుద్ధం వచ్చాక ఈయన పేదల సంగతి మరిచిపోయి పెద్దవాళ్లలో కలిసిపోయాడని ఆవిడ నొచ్చుకుంది. ఆవిడ మాట పూర్తిగా నిజమని అనను. యుద్ధం గెలవకపోతే పేదలకు మిగిలేదేముంది? కానీ ఏప్రిల్ 9 గుర్తొచ్చినప్పుడల్లా ఆవిడ వైపే మొగ్గుతాను.

ఓటేసిందెవరు?

ఇదంతా ఫోన్లో బావకు చెబితే, "అంతా బాగానే ఉందప్పా, ఆయనకి ఓటేసిందెవరు?" అన్నాడు.

నా దగ్గర గట్టి జవాబు లేదు. మంత్రులకైతే సెనేటు ఆమోదం ఉండాలి, చట్టసభ పిలిస్తే వచ్చి కూర్చోవాలి. 1940 తర్వాత మాస్కో వెళ్లేనాటికి హాప్కిన్స్‌కు ఉన్న అసలు అర్హత అధ్యక్షుడి నమ్మకం, అంతే. అంతకుముందు ఆయన నడిపిన డబ్ల్యూపీఏలో కూడా, 1938 ఎన్నికల్లో కెంటకీ లాంటి చోట్ల కింది అధికారులు కూలీలను ఫలానావాడికే పనిచేయాలని ఒత్తిడి చేశారు. ఆ గొడవ వల్లే 1939లో హ్యాచ్ చట్టం వచ్చి, కేంద్ర ఉద్యోగులు ఎన్నికల రాజకీయాల్లో దిగకూడదని కట్టడి చేసింది. మస్టరులో పేరు ఉండాలంటే ఎవరి మీటింగుకు వెళ్లాలో తెలిసిన ఊళ్లో పెరిగినవాణ్ణి, దీన్ని చిన్న విషయమని కొట్టిపారేయలేను. ఆయన సోవియట్ ఏజెంటని కూడా కొందరు రాశారు, చాలామంది చరిత్రకారులు ఒప్పుకోలేదు, నేనూ నమ్మను. రష్యాకు పంపిన సాయానికి బదులు ఏమీ రాబట్టలేదన్న విమర్శలో మాత్రం కొంత నిజం ఉంది.

"మరి అలాంటివాళ్లు వద్దంటావా బావా?" అని అడిగాను. "ఉండనీ. ఎవరో ఒకరు ఆయన్ని కూడా అడిగేవాళ్లుండాల" అన్నాడు. నాకు ఇంతకంటే మంచి మాట తట్టలేదు.

కొడుకు, ఓడ, పదహారుమంది

1944 ఫిబ్రవరిలో ఆయన చిన్నకొడుకు స్టీఫెన్ పసిఫిక్‌లో, మార్షల్ దీవుల దగ్గర చనిపోయాడు. పద్దెనిమిదేళ్లు. అధ్యక్షుడి దగ్గర అంత పలుకుబడి ఉన్న తండ్రి, కొడుకును క్షేమంగా ఉండే చోట వేయించుకోలేదు. ఇక్కడ "అడగలేదు" అన్న మాటకు నేను తలవంచుతాను.

రూజ్‌వెల్ట్, చర్చిల్, స్టాలిన్ కలిసిన యాల్టా సమావేశానికి మంచం మీదనుంచే పనిచేశాడు. 1945 ఫిబ్రవరిలో తిరుగు ప్రయాణంలో ఓడమీద ఉండలేక అల్జీర్స్‌లో దిగి విమానంలో వెళ్తానన్నాడు. అమెరికా చట్టసభలో చేయాల్సిన ప్రసంగం రాయడానికి తోడుంటాడనుకున్న రూజ్‌వెల్ట్‌కు అది నచ్చలేదు. ముభావంగా విడిపోయారు. మళ్లీ కలుసుకోలేదు. ఏప్రిల్ 12న రూజ్‌వెల్ట్ పోయేటప్పటికి హాప్కిన్స్ ఆసుపత్రిలో ఉన్నాడు.

నెల తిరిగేసరికి కొత్త అధ్యక్షుడు ట్రూమన్, స్టాలిన్‌తో మాట్లాడటానికి మళ్లీ మాస్కో వెళ్లగలవా అని అడిగాడు. వెళ్లాడు. ఐక్యరాజ్యసమితి భద్రతామండలిలో ఓటింగు పద్ధతి మీద పడ్డ చిక్కుముడి విప్పాడు. పోలండ్ రహస్య ప్రతిఘటన నాయకులు పదహారుమందిని సోవియట్లు పట్టుకెళ్లి జైల్లో పెట్టారు, వాళ్లను వదిలేయమని స్టాలిన్‌ను అడిగాడు. అంతకుముందు అదే నగరంలో మీకేం కావాలి అని అడిగినప్పుడు జాబితా చదివి వినిపించిన స్టాలిన్, ఈసారి కుదరదన్నాడు. ఆ జూన్‌లోనే వాళ్లను మాస్కోలో విచారించి ఎక్కువమందికి శిక్షలు వేశారు. హాప్కిన్స్ ఇంటికొచ్చి, ప్రభుత్వ పనులన్నీ వదిలేసి న్యూయార్క్ చేరాడు. 1946 జనవరి 29న అక్కడే పోయాడు. యాభై అయిదేళ్లు.